కె.వి.రెడ్డి స్టాప్‌వాచీ, మన ఇంటి టీవీ

తాడిపత్రిలో పుట్టిన సినీ దర్శకుడు కదిరి వెంకటరెడ్డి (కె.వి.రెడ్డి) షూటింగు మొదలుకాకముందే స్క్రిప్టు మొత్తం చదివించి, ఏ సన్నివేశం ఎన్ని నిమిషాలు నడుస్తుందో స్టాప్‌వాచీతో లెక్క కట్టేవారు. తీసినంత తీసి, తర్వాత కత్తెరతో సరిచేసుకునే పద్ధతి ఆయనది కాదు. కాగితం మీద ఎంత నిడివి అనుకున్నారో తెరమీద ఇంచుమించు అంతే వచ్చేది. ‘మాయాబజార్’ 184 నిమిషాల సినిమా అయిందంటే, ఆ 184 నిమిషాలూ లెక్క ప్రకారం పేర్చినవే.

అదే సినిమాను ఇవాళ ఇంట్లో పెట్టుకుంటే ఒక కాపీలో పావుగంట కథ మాయమై ఉంటుంది. ఇంకో కాపీలో మనుషుల నుదుళ్లు తెగి ఉంటాయి. మరోదాంట్లో ఘంటసాల గొంతు శ్రుతి తప్పి పైకెక్కి, ఎవరో వేరేవాళ్లు పాడినట్టు వినిపిస్తుంది. చూడదగ్గ మంచి సినిమాల జాబితాలకు కొరత లేదు. వాటిని ఏ కాపీలో చూడాలి, టీవీని ఎట్లా సరిచేసుకుని చూడాలి అని చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ‘ఏముందబ్బా ఈ పాత సినిమాలో’ అని పిల్లలు పది నిమిషాలకే లేచిపోయారంటే, చాలాసార్లు తప్పు సినిమాదీ కాదు, పిల్లలదీ కాదు. కాపీది.

తెలుగు సినిమాకు గౌరవం తెచ్చిన తొలితరం చిత్రాల వేళ్లు చాలావరకు కడప, అనంతపురం నేలలోనే ఉన్నాయి. బి.ఎన్.రెడ్డిది పులివెందుల తాలూకా. ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థను నడిపారు. 1974కు అన్నగారికి, 1986కు తమ్ముడికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. వాహిని సంస్థకు డబ్బు పెట్టి అండగా నిలిచిన మూలా నారాయణస్వామి తాడిపత్రివారు. కె.వి.రెడ్డి అదే వాహినిలో ప్రొడక్షన్ మేనేజరుగా ఉండి, ‘భక్త పోతన’తో దర్శకులయ్యారు. సీమ అనగానే తెరమీద సుమోలు, నాటుబాంబులు తప్ప ఇంకేమీ గుర్తురాని కాలం వచ్చింది గనక ఈ సంగతి ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పుకోవాలి.

వీళ్ల సినిమాల్లో ఇంట్లో కూర్చుని చూడటానికి మొదట ఎత్తుకోవాల్సింది బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’ (1951). శ్రీకృష్ణదేవరాయల కాలం. బావామరదళ్లు నాగరాజు, మల్లి. వానలో ఒక పాత మండపంలో తలదాచుకున్నప్పుడు మల్లి ‘పిలచిన బిగువటరా’ పాడుతూ ఆడుతుంది. మారువేషంలో ఉన్న రాయలవారు, అల్లసాని పెద్దన చూస్తారు. ఈ పిల్లకు పల్లకీ పంపించండి అని నాగరాజు నవ్వులాటకు అంటాడు. కొన్నాళ్లకు పల్లకీ నిజంగానే ఇంటి ముందుకు వస్తుంది. కథంతా ఆ ఒక్క మాట మీద తిరుగుతుంది. విలన్ ఎవరూ లేరు. రాజు చెడ్డవాడు కాదు, తల్లి ఆశ పడింది, అంతే. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాయడం ఇదే మొదలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. 1953లో చైనా భాష సబ్‌టైటిళ్లతో ఆ దేశంలోనూ ఆడింది.

తర్వాత కె.వి.రెడ్డి ‘పెద్దమనుషులు’ (1954). ఇబ్సెన్ నాటకం ఆధారంగా అల్లిన కథ. ఊరికి పెద్దమనిషిగా చెలామణి అయ్యే ఛైర్మన్ లోపల ఎంత కుళ్లి ఉన్నాడో చెబుతుంది. మాటల రచయిత డి.వి.నరసరాజుకు ఇది తొలి సినిమా. తిక్క శంకరయ్య వేషంలో రేలంగి పాడే ‘నందామయా గురుడ నందామయా’ పాట మున్సిపాలిటీ ఉన్న ఏ ఊళ్లోనైనా ఇప్పటికీ చెల్లుతుంది. జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. బి.ఎన్.రెడ్డి ‘బంగారు పాప’ (1955)కూ ఆ గౌరవమే దక్కింది. జార్జ్ ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ను పాలగుమ్మి పద్మరాజు తెలుగు ఇంటికి తెచ్చారు. కోటయ్యగా ఎస్.వి.రంగారావు ఎంత తగ్గి నటించారో చూడాలంటే ఈ సినిమాలోనే చూడాలి. ‘యోగి వేమన’ (1947) నడక నెమ్మది. అయినా కదిరి పక్కన కటారుపల్లిలో వేమన సమాధిని చూసి వచ్చినవాళ్లకు వేమనగా నాగయ్య ముఖం మరిచిపోవడం కష్టం.

ఇక ‘మాయాబజార్’ (1957). దీనికీ కడప జిల్లాకూ ఇంకో బంధం ఉంది. 1885లో చక్రాయపేట దగ్గరి సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజం మాయాబజార్ కథను తెరలు, తాళ్లు, దీపాలతో రంగస్థలం మీద మాయగా చూపించి తెలుగు జనానికి అలవాటు చేసింది. సినిమాలోని ‘వివాహ భోజనంబు’ పల్లవి కూడా అంతకుముందే నాటకాల్లో, గ్రామఫోను రికార్డుల్లో నలిగినదే. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులు ఒక్కసారి కూడా తెరమీదికి రారన్న సంగతి మొదటిసారి చూసినప్పుడు ఎవరికీ తట్టదు. అది స్క్రిప్టు బిగువు. అందులో ‘ప్రియదర్శిని’ అనే పెట్టె ఉంటుంది. తెరిచి చూస్తే ఎవరి మనసులో ఏముందో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, శ్రీకృష్ణుడికి శకుని. ‘నీవేనా నను తలచినది’ పాట ఆ పెట్టెలోనే నడుస్తుంది. ఇంట్లో కూర్చుని బొమ్మ చూడటమనే ముచ్చటను తెలుగు సినిమా 1957లోనే ఊహించింది.

ఈ సినిమాలకు ఇన్ని రకాల కాపీలు ఎందుకున్నాయంటే, కారణం చట్టంలో ఉంది. మన దేశంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1951లో వచ్చిన సినిమాకు 2011తో, 1957లో వచ్చినదానికి 2017తో ఆ గడువు తీరింది. పాటలు, మాటలు రాసినవాళ్ల హక్కుల లెక్క వేరు. బొమ్మ వరకు హక్కు తీరడంతో చేతికి చిక్కిన క్యాసెట్టు, వీసీడీ, టీవీ రికార్డింగు ఏదైతే అది ఎవరికి వాళ్లు నెట్‌లో పెట్టేస్తున్నారు. పేరు ఒకటే, పోస్టరు ఒకటే. లోపల సరుకు మాత్రం వేరు.

సరుకు పట్టుకోవడానికి మొదటి కొలబద్ద నిడివి. పాత సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్టు ఉంటే అక్కడ ఆపి చూడాలి. రీళ్ల సంఖ్య, నిడివి అందులో రాసి ఉంటాయి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అంటే అడుగులను 90తో భాగిస్తే నిమిషాలు వస్తాయి. 16,200 అడుగులంటే 180 నిమిషాలు. మీటర్లలో రాసి ఉంటే 27.4తో భాగించాలి. వచ్చిన లెక్కకూ ప్లేయరులో కనిపించే సమయానికీ పది నిమిషాలు తేడా ఉందంటే ఎక్కడో కత్తెర పడింది. ఎక్కువగా పోయేవి పద్యాలు, హాస్య సన్నివేశాలు, రెండో వరస పాటలు. సర్టిఫికెట్టే లేని కాపీ అయితే, అదే సినిమావి రెండు మూడు కాపీలు వెదికి అన్నిటికన్నా పొడుగున్నది తీసుకోవడం మేలు.

తేడా పది నిమిషాలు కాకుండా సరిగ్గా నూటికి నాలుగు పాళ్లు ఉంటే అది కత్తెర కాదు, వేగం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. మన టీవీలు వాడిన పాల్ పద్ధతిలో చేసిన డిస్కులు, టీవీ ప్రసారాలు సెకనుకు 25. బొమ్మను 25కు తోసేస్తే 184 నిమిషాల సినిమా 177కు కాస్త అటూ ఇటూగా ముగుస్తుంది. చూపుకు ఆ తేడా తెలియదు. చెవికి తెలుస్తుంది. శ్రుతి అర స్వరంలో, అంటే హార్మోనియం మీద ఒక మెట్టులో, దాదాపు ముప్పావు వంతు పైకి పోతుంది. ‘మనసున మల్లెల మాలలూగెనే’లో భానుమతి గొంతు పల్చబడినట్టు ఉంటుంది. గ్రామఫోను రికార్డు నుంచి తీసిన పాటను ఫోన్లో పక్కన పెట్టి, రెండింటి ఆధార శ్రుతినీ హార్మోనియం మీదో, ఫోనులోని శ్రుతిపెట్టె యాప్‌తోనో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. కంప్యూటరులో వీఎల్‌సీ ప్లేయరుతో చూసేవాళ్లు ప్లేబ్యాక్ వేగాన్ని 0.96కు తగ్గించుకోవచ్చు. అయితే వేగం మారినా శ్రుతి మారకుండా పట్టుకునే ఏర్పాటు అందులో ముందే పెట్టి ఉంటుంది. ఆడియో సెట్టింగుల్లో దాన్ని తీసేస్తేనే గొంతు కిందికి దిగుతుంది.

రెండో కొలబద్ద చట్రం. 1950ల తెలుగు సినిమా బొమ్మ ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ వెడల్పు 1.78. 43 అంగుళాల టీవీ తీసుకుంటే గాజు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 సెంటీమీటర్లకు పైగా ఎత్తు. దాంట్లో ‘మల్లీశ్వరి’ సరిగ్గా పడితే బొమ్మ వెడల్పు 73 సెంటీమీటర్లే. రెండు పక్కలా 11 సెంటీమీటర్ల చొప్పున నల్లటి పట్టీలు ఉండాలి. ఉండితీరాలి. ఆ నలుపు చూసి ‘టీవీ అంతా రావడం లేదు’ అని రిమోటుతో జూమ్ నొక్కితే బొమ్మలో దాదాపు పావు వంతు పైనా కిందా తెగిపోతుంది. మండపంలో మల్లి ఆడుతున్నప్పుడు తల కనపడితే పాదాలు ఉండవు, పాదాలు కనపడితే తల ఉండదు. జావళికి ఆడే పిల్ల పాదాలు లేకపోతే ఇక ఆ దృశ్యంలో మిగిలేది ఏమిటి? జూమ్ కాకుండా సాగదీస్తే ముఖాలు 30 శాతం వెడల్పవుతాయి. శశిరేఖ ఒళ్లు చేసినట్టు, రథచక్రాలు కోడిగుడ్లలాగా కనిపిస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన వస్తువును, అంటే చక్రం, చంద్రుడు, పళ్లెం లాంటిదాన్ని, చూస్తే చాలు, సాగిందో లేదో తెలిసిపోతుంది.

టీవీలో జూమ్ తీసేసినా తలలు తెగే ఉన్నాయంటే ఆ పాపం కాపీ తయారుచేసినవాళ్లదే. దానికి మందు లేదు, వేరే కాపీ వెదుక్కోవాలి. 2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కు మార్చి మళ్లీ విడుదల చేసినప్పుడు నిడివి కూడా తగ్గించారు. ఆ కాపీ ఎందరో పిల్లలను ఈ సినిమా దగ్గరికి తీసుకొచ్చింది, ఆ మేలు కాదనలేము. కానీ మొదటిసారి చూసేవాళ్లకు చూపించాల్సింది నలుపు తెలుపే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే దీపాలు పెట్టింది తెలుపు నుంచి నలుపు దాకా ఉండే బూడిదరంగు మెట్ల కోసం. ‘లాహిరి లాహిరి’లో వెన్నెల, నీళ్లు, ముఖాలు మూడూ మూడు రకాల వెలుగుతో విడిపోయి ఉంటాయి. దాని మీద ఒక నీలం పొర కప్పితే మూడూ ఒకటైపోతాయి.

ఇంకో మోసం ఉంది, పట్టుకోవడం తేలిక. నెట్‌లో ఆటోమేటిగ్గా గుర్తుపట్టి తీసేయకుండా కొందరు బొమ్మను అద్దంలోలాగా కుడి ఎడమలు తిప్పి పెడతారు. ఆడవాళ్ల పైట చూడాలి. పైట కుడిభుజం మీదికి వచ్చి ఉంటే, అందరూ ఎడమచేత్తో అన్నం తింటూ, ఎడమచేత్తో అక్షింతలు వేస్తూ ఉంటే ఆ కాపీ వదిలేయాల్సిందే. అట్లాగే గుర్రం పరిగెత్తే చోటో, పల్లకీ కదిలే చోటో ఒకసారి ఆపి చూడాలి. అంచులు దువ్వెన పళ్లలా గీతలు గీతలుగా ఉంటే అది పాత టీవీ ప్రసారం నుంచి సరిగ్గా మార్చకుండా తీసినది. కదలిక ఉన్నచోటల్లా కళ్లు నొప్పెడతాయి.

స్పష్టత లెక్క కూడా తెలిసి ఉండాలి. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. డీవీడీ 720 వెడల్పు, 576 ఎత్తు. వీసీడీ నుంచి తీసి ‘హెచ్‌డీ’ అని పేరు పెట్టినంత మాత్రాన లేని చుక్కలు పుట్టవు. చక్కగా చేసిన డీవీడీ ఒక్కోసారి నెట్‌లోని ‘హెచ్‌డీ’ కన్నా మెరుగు. పాత ఫిల్ములో సన్నని ఇసుక రేణువుల్లాంటి గరుకు ఉంటుంది. అది ఫ్రేము ఫ్రేముకూ మారుతుంది గనక డేటా ఎక్కువ అడుగుతుంది. డేటా తక్కువిస్తే చీకటి దృశ్యాల్లో గరుకు స్థానంలో చదరాలు చదరాలుగా మచ్చలు లేస్తాయి. మంచి హెచ్‌డీ స్ట్రీమింగు గంటకు 3 జీబీ దాకా తాగుతుంది. రోజుకు 1.5 జీబీ ఫోన్ ప్యాకుతో మూడు గంటల సినిమాను టీవీకి ఎక్కించాలనుకుంటే నాణ్యత దానంతటదే పడిపోతుంది. యాప్‌లో డౌన్‌లోడ్ సౌకర్యం ఉంటే కొన్ని రోజుల్లో కొద్దికొద్దిగా దించుకోవడం నయం. ఫైబర్ కనెక్షను ఉన్న ఇంట్లో ఈ బాధ లేదు.

కాపీ కుదిరాక టీవీ. అంగడిలో ట్యూబులైట్ల వెలుతురులో మెరవాలని కొత్త టీవీలు చాలావరకు ‘వివిడ్’ లాంటి మోడ్‌లో వస్తాయి. ఇంట్లో అది నలుపు తెలుపు సినిమాను సున్నం కొట్టిన గోడలా చేస్తుంది. ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్‌కు మార్చాలి. రంగు ఉష్ణోగ్రత ‘వార్మ్’లో ఉంచాలి. మొదటి పది నిమిషాలు పసుపుగా అనిపిస్తుంది, తర్వాత అదే సహజం అవుతుంది. ఆపైన తప్పనిసరిగా ఆపేయాల్సింది కదలికను నున్నగా చేసే ఏర్పాటు. ఒక కంపెనీ దాన్ని ట్రూమోషన్ అంటుంది, ఇంకొకరు మోషన్‌ఫ్లో, మరొకరు ఆటో మోషన్ ప్లస్. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును టీవీయే కల్పించి చొప్పిస్తుంది. దాంతో సినిమా సీరియల్‌లా జారిపోతుంది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరిపోయే చోట, వస్తువులు ఉన్నట్టుండి మాయమయ్యే చోట ఈ కల్పిత ఫ్రేములు కెమెరా మాయ అతుకును చెరిపి, నీడలా పూసేస్తాయి. మాయ పండేది చటుక్కున మారినప్పుడే.

‘నాయిస్ రిడక్షన్’ కూడా ఆపాలి. అది ఫిల్ము గరుకుతో పాటు ముఖాల మీది చర్మాన్నీ తుడిచేసి మైనపు బొమ్మలను చేస్తుంది. ‘షార్ప్‌నెస్’ అంకె ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది గనక అంకె నమ్మకుండా కంటితో చూడాలి. సినిమా పేర్లు పడేటప్పుడు ఆపి, అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తే అది పోయేదాకా తగ్గించాలి. బ్రైట్‌నెస్‌కు జడ, కాంట్రాస్టుకు పంచె. భానుమతి జడలో పాయలు విడివిడిగా కనిపించేదాకా బ్రైట్‌నెస్ పెంచి, పక్కనున్న నల్లపట్టీలు బూడిదగా మారకముందే ఆగాలి. నాయకుడి తెల్లపంచెలో మడతలు కనిపించేదాకా కాంట్రాస్టు తగ్గించాలి. ఈ రెండూ కుదిరితే మిగతావి ముట్టుకోనక్కరలేదు.

కూర్చునే దూరం 43 అంగుళాల టీవీకి సుమారు ఆరు అడుగులు. మన ఇళ్లలో టీవీని తలుపు పైకమ్మీ ఎత్తున బిగించి పది పన్నెండు అడుగుల దూరంలో కూర్చోవడం అలవాటు. మూడు గంటలు మెడెత్తి చూస్తే ఎంత గొప్ప సినిమా అయినా నొప్పిగానే గుర్తుండిపోతుంది. కూర్చున్నప్పుడు కన్ను గాజు మధ్యకు రావాలి. మధ్యాహ్నం చూసేటట్టయితే ఎదురు కిటికీకి దుప్పటి కట్టినా సరే, గాజు మీద వెలుతురు పడకూడదు.

ధ్వని విషయంలో సీమ ఎండాకాలం పెద్ద అడ్డంకి. కర్నూలు, అనంతపురాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటాక కూలరు ఆపి సినిమా చూడమని ఎవరూ చెప్పలేరు. కూలరు హోరు, ఫ్యాను గాలి, వాటిని మించాలని పెంచిన టీవీ గోల, అన్నీ కలిసి ‘మాయాబజార్’కు పింగళి నాగేంద్రరావు రాసిన మాటలను మింగేస్తాయి. ‘దుష్టచతుష్టయం’ లాంటి మాట చెవిన పడకపోతే సినిమా సగం పోయినట్టే. కూలరును కిటికీ బయట బిగించి, మాటలు ఎక్కువున్న భాగాల్లో తక్కువ వేగంలో నడపడం ఒక దారి. పాత సినిమా శబ్దం మోనో, అంటే ఒకే దారి. టీవీలోని ‘సరౌండ్’, ‘3డీ సౌండ్’ దాన్ని గదంతా చిమ్మి పలుకును పలుచన చేస్తాయి. వాటిని తీసేయాలి. మాట స్పష్టంగా లేదని ట్రెబుల్ పెంచేవాళ్లున్నారు. ఆనాటి ఆప్టికల్ సౌండు ట్రాకులో, అంటే ఫిల్ము అంచునే వెలుగుతో అచ్చేసిన ధ్వనిలో, 8 కిలోహెర్ట్జ్ పైన వినాల్సిందేమీ పెద్దగా ఉండదు, ఉన్నదంతా ఉస్సుమనే రొద. పెంచాల్సింది 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య భాగం, అది కూడా కొద్దిగా.

ఇతర భాషల సినిమాల్లో అనంతపురం వాళ్లకు ఒక్కటే చెప్పాలంటే ‘జాన్ ద ఫ్లోరెట్’ చెప్పాలి. ఫ్రెంచి సినిమా, 1986, దర్శకుడు క్లాద్ బెర్రి. బ్రిటన్ వాళ్ల బాఫ్తా ఉత్తమ చిత్రం పురస్కారం వచ్చింది. పట్నంలో ఉద్యోగం చేసే ఒక గూనివాడు, తల్లి తరఫున వచ్చిన చేను చేసుకుందామని భార్యను, కూతుర్ని వెంటబెట్టుకుని పల్లెకు వస్తాడు. చేనులో ఒక ఊట ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. పక్కవాళ్లకు తెలుసు. చేను చవగ్గా కొట్టేయాలని వాళ్లు ఊటను ముందే సిమెంటుతో మూసేసి ఉంటారు. ఆ మనిషి పుస్తకాలు చదివి, సగటు వానలు లెక్కగట్టి, కుందేళ్ల పెంపకం మొదలుపెడతాడు. వాన రాదు. కిలోమీటర్ల దూరం నుంచి నీళ్లు మోసుకొస్తాడు. ఒక రాత్రి ఉరుములు, మెరుపులు. అందరూ బయటికి పరుగెత్తుతారు. మబ్బు వాళ్ల నెత్తిన నిలబడి, కొండ అవతల కురిసి పోతుంది. అతను ఆకాశం వైపు తలెత్తి పైన ఎవరూ లేరా అని అరుస్తాడు.

వేరుశనగ పైరు ఊడలు దిగే వేళ పక్క ఊళ్లో కురిసి తన చేను గట్టు దగ్గర ఆగిపోయిన వానను చూసిన రైతుకు ఆ దృశ్యంలో ఏ సబ్‌టైటిలూ అక్కరలేదు. అప్పుచేసి బావి తవ్వడం, బండ తగలడం, మందు పెట్టి పేల్చడం, అన్నీ మన కథలే. ఇది స్కోపు సినిమా, ఎత్తు 1 అయితే వెడల్పు 2.35. 43 అంగుళాల టీవీలో పైనా కిందా సుమారు 6 నుంచి 7 సెంటీమీటర్ల నల్లపట్టీ రావాలి. నిండుగా కనిపించాలని జూమ్ చేస్తే పక్కల నుంచి నాలుగో వంతు పోతుంది. అప్పుడు పోయేది మామూలు ఖాళీ కాదు. నీళ్లు మోసే మనిషి ఒక అంచున, ఊట సంగతి తెలిసిన పక్కవాళ్లు చూస్తూ చెప్పకుండా దాక్కున్న చెట్టు ఇంకో అంచున ఉంటారు. తెలుగులో స్కోపు ‘అల్లూరి సీతారామరాజు’ (1974)తో మొదలైంది గనక ఆ తర్వాతి మన సినిమాలకూ ఇదే జాగ్రత్త. ‘జాన్ ద ఫ్లోరెట్’కు రెండో భాగం ‘మానో దె సూర్స్’ అదే ఏడాది వచ్చింది. రెండూ వారం తేడాలో చూడాలి, ఒకటి చూసి వదిలేస్తే కథ సగమే.

సబ్‌టైటిళ్ల గొడవ కూడా ఇక్కడే తేలాలి. విడిగా దించుకున్న సబ్‌టైటిల్ ఫైలు మొదట్నుంచీ ఒకే తేడాతో వెనకబడితే వీఎల్‌సీలో జి, హెచ్ మీటలతో ముందుకు వెనక్కు జరుపుకోవచ్చు. మొదట బాగుండి, గంట గడిచేసరికి రెండున్నర నిమిషాలు తప్పిపోయిందంటే అది ఆలస్యం కాదు, వేగం తేడా. పైన చెప్పిన 24, 25 గొడవే. ఎంత జరిపినా కుదరదు, ఆ కాపీకి తగిన ఫైలే వెదకాలి. తెలుగు సబ్‌టైటిళ్లు ఉన్న ఫైలును పెన్‌డ్రైవులో పెట్టి టీవీకి తగిలిస్తే చాలా టీవీల్లో ఒత్తులు విడిపోతాయి, లేదా డబ్బాలు డబ్బాలు వస్తాయి. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో కలిపి చూస్తే ఆ ఇబ్బంది ఉండదు. చదవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మొదట కథ నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చోబెట్టాలి. మలుపు తెలిసిపోతుందన్న భయం అక్కర్లేదు. మాయాబజార్ కథ తెలియకుండా ఏ తెలుగువాడు థియేటరుకు వెళ్లాడు?

మాటలే లేని సినిమా కావాలంటే బస్టర్ కీటన్ ‘అవర్ హాస్పిటాలిటీ’ (1923). రెండు కుటుంబాల పగ, శత్రువు ఇంట్లో అతిథిగా చిక్కుకున్న కుర్రాడు, గడప లోపల ఉన్నంతసేపు చంపకూడదన్న మర్యాద. ఈ కథకు సీమ చొక్కా తొడిగితే ‘మర్యాద రామన్న’ (2010). రెండూ ఒకే రోజు చూస్తే, ఒకే హాస్యం రెండు నేలల్లో ఎట్లా మొలిచిందో తెలుస్తుంది. మూగ సినిమాల్లో మనుషులు కీలుబొమ్మల్లా గబగబా నడుస్తుంటే అది ఆ కాలపు నటన అని చాలామంది నమ్ముతారు. నిజానికి తక్కువ వేగంతో తీసిన ఫిల్మును 24 ఫ్రేములకు తోసేసిన కాపీ అది.

సీమ పలుకు, సీమ కరువు ఇప్పటి కెమెరాతో చూడాలంటే క్రిష్ ‘కొండపొలం’ (2021) ఉంది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల దానికి ఆధారం. వానలు లేక గొర్రెలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ. ప్రేమకథ భాగం నవలంత బిగువుగా లేదు, అడవి భాగం మాత్రం నిలుస్తుంది. అందులోని ‘ధం ధం ధం’ పాటకు చంద్రబోస్‌కు జాతీయ పురస్కారం వచ్చింది. ఇది చీకటి దృశ్యాలు ఎక్కువున్న సినిమా, పగటిపూట చూడొద్దు.

ఇంట్లో పాత డిస్కులు ఉన్నవాళ్లు వాటిని పారేయకూడదు. ఎండపడే గోడకు ఆనించిన ఇనుప బీరువాలో, కారు డాష్‌బోర్డు మీద పెడితే వంకర తిరుగుతాయి. పుస్తకాల్లా నిలువుగా, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో పెట్టాలి. తుడిచేటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీత డేటా దారి వెంబడే పడి, ప్లేయరు ఆ లోపాన్ని సరిదిద్దుకోలేక బొమ్మ నిలిచిపోతుంది.

వీడియో క్యాసెట్ల విలువ ఇంకా ఎక్కువ. దూరదర్శన్‌లో వచ్చినప్పుడు రికార్డు చేసి పెట్టుకున్న టేపులో, ఇప్పుడు నెట్‌లో దొరకని పద్యమో పాటో ఉండొచ్చు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)కు ఒక్క ప్రింటూ మిగల్లేదు. క్యాసెట్టు గాజు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తుందేమో ముందు చూడాలి. ఉంటే ప్లేయరులో పెట్టకూడదు, బూజు హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి టేపునూ చెడగొడుతుంది. దాన్ని విడిగా కవరులో కట్టి, టేపులు శుభ్రం చేసే అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వాలి. బూజు లేనిదైతే ముందు చివరిదాకా ఫార్వర్డు, మళ్లీ మొదటిదాకా రివైండు చేసి, ఏళ్ల తరబడి అతుక్కున్న చుట్లు వదిలాకే ప్లే నొక్కాలి. యూఎస్‌బీ క్యాప్చరు పరికరంతో కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు 720 వెడల్పు, 576 ఎత్తు, సెకనుకు 25 ఫ్రేములు పెట్టి, దువ్వెన గీతలు ఉన్నా అట్లాగే దించుకోవాలి. వాటిని తీయడం తర్వాతైనా చేసుకోవచ్చు, టేపు రెండోసారి అంత బాగా ఆడకపోవచ్చు.